సున్నపు గుంతలో పడిన బిషప్

ఇటలీ దేశం నడిమధ్యలో ఉంబ్రియా అనే కొండల ప్రాంతం ఉంది. అందులో ఇంజీనో కొండను ఆనుకుని గుబ్బియో అనే పాత పట్టణం ఉంది. జనాభా 30 వేలకు అటూ ఇటూ. రాతి ఇళ్లు, ఇరుకు సందులు, ఎత్తుపల్లాల వీధులు. అస్సీసీ ఫ్రాన్సిస్ ఒక తోడేలును మచ్చిక చేసుకున్నాడనే కథ ఈ ఊరిదే గనుక ఆ పేరు మన పాఠకుల్లో కొందరు వినే ఉంటారు. కానీ గుబ్బియోవాసులను మీ ఊరి గొప్పేమిటని అడిగితే వాళ్లు తోడేలు మాట ఎత్తరు. మే 15వ తేదీ గురించి చెబుతారు.

ఆ రోజు ఊరంతా తెల్లటి పంట్లాములు తొడిగి, మెడకు ఎర్ర రుమాలు, నడుముకు ఎర్ర పట్టీ కట్టుకుంటుంది. చొక్కాల రంగు మాత్రం మూడు రకాలు: పసుపు, నీలం, నలుపు. మూడు బృందాలకు మూడు ‘చేరో’లు. చేరో అంటే పెద్ద కొవ్వొత్తి అని అర్థం. పేరుకే కొవ్వొత్తి, నిజానికి అది కొయ్యతో చేసిన ఎనిమిది పలకల స్తంభం. నాలుగు మీటర్లకు పైబడిన ఎత్తు, పావు టన్నుకు పైగా బరువు. దాని కొనన ఒక పరిశుద్ధుని చిన్న విగ్రహం. పసుపు చొక్కాల వారిది ఆ ఊరి పాలక పునీతుడు ఉబాల్డోది. తాపీ పనివారి సంఘానిది ఆ చేరో. నీలం చొక్కాలు వర్తకులవి, చేతివృత్తులవారివి. వారిది జార్జి. నలుపు రైతులది. వారిది ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన అంతోని.

మధ్యాహ్నం వేళ పెద్ద చౌకులో ఈ మూడింటినీ నిలబెడతారు. అదే ఒక ఘట్టం. అడ్డంగా ఉన్న స్తంభాన్ని మోతకర్రల చట్రంలో బిగించేటప్పుడు ఆ బృంద నాయకుడు మట్టికూజాతో దాని మొదట్లో నీళ్లు పోసి, ఖాళీ కూజాను గుంపు మీదికి విసిరేస్తాడు. జనం ఆ పెంకుల కోసం ఎగబడతారు. ఇంట్లో ఉంచుకుంటే మంచిదట! పైన కోట లాంటి భవనం మీద పెద్ద గంట మోగుతుంటుంది. దాన్ని ఊపే మనుషులు చేతులతో పాటు కాళ్లనూ వాడతారు. సాయంత్రం బిషప్ వచ్చి దీవించాక, ఆరు గంటలకు పరుగు మొదలవుతుంది. అంత బరువును భుజాల మీద నిటారుగా నిలబెట్టుకుని, ఇరుకు సందుల్లోంచి, గుమ్మాలకు తగలకుండా, ఊరంతా చుట్టి, చివరికి దాదాపు 300 మీటర్ల ఎత్తున కొండ మీదున్న ఉబాల్డో దేవాలయం దాకా పరుగెడతారు. నడక కాదు, పరుగే. ఒక మనిషి ఆ బరువు కింద కొన్ని పదుల అడుగులకు మించి ఉండలేడు. అందుకని పరుగు ఆగకుండానే భుజాలు మారుతుంటాయి. అలసినవాడు పక్కకు తప్పుకోవాలి, తాజాగా ఉన్నవాడు దూరాలి. క్షణం తేడా వస్తే స్తంభం ఒరుగుతుంది. అప్పుడప్పుడు పడిపోతుంది కూడా.

ఇందులో విచిత్రం ఏమిటంటే ఇది పందెమే గాని గెలుపు లేదు. మొదట ఉబాల్డో, వెనుక జార్జి, ఆ వెనుక అంతోని. ఈ వరుస ఎన్నడూ మారదు. ఎవరూ ఎవరినీ దాటకూడదు. ముందున్నది పడిపోతే వెనుకవాళ్లు ఆగాలి. పైకి చేరాక పసుపు చొక్కాలవాళ్లు దేవాలయ ప్రాంగణపు తలుపు మూసేయాలని, నీలం చొక్కాలవాళ్లు అది మూసుకోకముందే జొరబడాలని చూస్తారు. దాని గురించి ఏడాది పొడుగునా టీ కొట్టు దగ్గర, క్షమించాలి, అక్కడ కాఫీ కొట్టు దగ్గర వాదించుకుంటారు. రాత్రి పడ్డాక విగ్రహాలను మాత్రం కొవ్వొత్తుల వెలుగులో పాటలు పాడుకుంటూ ఊళ్లోకి దించుతారు. కొయ్య స్తంభాలు మరుసటి ఏడాది మే మొదటి ఆదివారం దాకా కొండ మీది దేవాలయంలోనే ఉంటాయి.

ఈ పండుగ ఆ ఊరి ప్రాణం. 1917లో ఆ ఊరి సైనికులు యుద్ధరంగంలో, కోల్ దీ లానా అనే కొండ దగ్గర, దొరికిన సామగ్రితో మూడు చేరోలు చేసుకుని పరుగెత్తారు. బొగ్గు గనుల్లో కూలికోసం అమెరికా వెళ్లినవాళ్లు పెన్సిల్వేనియాలోని జెసప్ అనే ఊళ్లో ఇదే పండుగను నాటుకున్నారు. అక్కడ ఇప్పటికీ జరుగుతోంది. ఉంబ్రియా ప్రాంత ప్రభుత్వం 1973లో ఈ మూడు స్తంభాలనే తన అధికార చిహ్నంగా పెట్టుకుంది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వల్ల పరుగు జరగలేదు. మన గుడి తలుపులు మూసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు ఆ ఊరి బాధ కొంత అర్థమవుతుంది.

ఇదంతా ప్రొటెస్టెంటు విశ్వాసుల పేజీలో ఎందుకు రాస్తున్నారని కొందరికి ఇప్పటికే అనిపించి ఉంటుంది. విగ్రహాన్ని మోసుకుని కొండెక్కడం, కూజా పెంకుల కోసం ఎగబడటం, చనిపోయిన మనిషిని మా ఊరి కాపుదల అనుకోవడం – ఇవన్నీ మనం కాదనుకున్నవే కదా. అవును, కాదనుకున్నాం. ఆ మాటను మేము మెత్తబరచదలచుకోలేదు. దేవునికీ మనుష్యులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తు యేసని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 2:5). కొర్నేలీ పాదాల మీద పడితే పేతురు అతణ్ని లేవనెత్తి తానూ మనిషినేనన్నాడు (అపొ.కా. 10:25, 26). లుస్త్రలో జనం ఎడ్లనూ పూదండలనూ తెచ్చినప్పుడు బర్నబా, పౌలు బట్టలు చింపుకుని గుంపులోకి ఉరికారు (అపొ.కా. 14:13-15). బతికున్నప్పుడు మొక్కు పుచ్చుకోనివారు, చనిపోయాక పుచ్చుకుంటారని మనం ఎలా అనుకోగలం? అంతేకాదు, కొరింథు సంఘంలో కొట్లాడుకునేవారూ కోర్టుకెక్కేవారూ ఉన్నా, పౌలు ఆ సంఘమంతటినీ పరిశుద్ధులుగా ఉండటానికి పిలువబడినవారనే సంబోధించాడు (1 కొరింథీ 1:2). బైబిలు లెక్కలో పరిశుద్ధులు కొండ మీది అద్దాల పెట్టెలో ఉండేవారు కారు. ఆదివారం ఉదయం మన పక్కన చాప మీద కూర్చునేవారు.

అయితే న్యాయంగా మాట్లాడాలి. కేథలిక్కులు చెప్పేది కూడా విని మాట్లాడాలి. ఆరాధన దేవునికే చెందుతుందనీ, పరిశుద్ధులకు ఇచ్చేది గౌరవమేననీ వాళ్లు 787లో జరిగిన రెండవ నీకయా సభ నాటినుంచీ చెబుతున్నారు. రెండవ వాటికన్ సభ 1963లో ఆరాధన మీద వెలువరించిన పత్రంలో, పరిశుద్ధుల పండుగలు రక్షణ మర్మాల పండుగలను మించిపోరాదని వాళ్లే రాసుకున్నారు. పుస్తకంలో గీసిన ఆ గీత కూజా పెంకుల గుంపులో ఎంతవరకు నిలుస్తుందన్నదే మన ప్రశ్న. నిలవదని మా అభిప్రాయం. ఎందుకంటే గుంపుకు గీతలు కనిపించవు. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చేయించినదే. అయినా తరాలు గడిచేసరికి జనం దానికి ధూపం వేశారు, హిజ్కియా దాన్ని ముక్కలు చేయవలసి వచ్చింది (2 రాజులు 18:4).

మరి కొందరు మనవాళ్లు ఇంకో వాదన ఎత్తుతారు. ఇదంతా క్రీస్తుకు ముందటి అన్యాచారమే, పైన క్రైస్తవం పూత పూశారు అంటారు. 1444లో గుబ్బియోలో ఏడు కంచు పలకలు దొరికిన మాట నిజం. ప్రాచీన ఉంబ్రియా భాషలో, ఊరి ద్వారాల దగ్గర చేయవలసిన బలులూ ఊరేగింపులూ వాటి మీద రాసి ఉన్నాయి. ఆ పలకలు ఇప్పుడు అదే చౌకులో ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. హెర్బర్ట్ బోవర్ అనే ఆంగ్లేయుడు 1897లో ఈ పండుగ మీద ఒక పుస్తకమే రాసి, దీని మూలాలు ఆ పాత మతంలో వెదికాడు. వృత్తి సంఘాలు తమ బిషప్ సమాధికి ఏటా మైనపు కొవ్వొత్తులు సమర్పించే ఆనవాయితీ పెరిగి పెద్దదై కొయ్య స్తంభాలయిందని చెప్పే పండితులూ ఉన్నారు. మాకు ఈ రెండోదే సబబుగా తోస్తుంది. ఏమైనా ఈ వాదనను మనం మరీ గట్టిగా పట్టుకోకపోవడం మంచిది. మన క్రిస్మస్ చెట్టు ఏ అడవి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే మనమూ కాస్త తడబడవలసి వస్తుంది.

మేము ఇక్కడ చెప్పదలచింది పండుగ గురించి కాదు, ఎవరి పేరున పండుగ జరుగుతున్నదో ఆ మనిషి గురించి. ఉబాల్డో బల్దస్సీని 1084 ప్రాంతంలో ఆ ఊళ్లోనే పుట్టాడు. 1129లో అక్కడే బిషప్ అయ్యాడు. 1160 మే 16న చనిపోయాడు. అందుకే ముందురోజు ఈ పరుగు. 1155లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా సైన్యం పక్కనున్న స్పొలేతో పట్టణాన్ని నేలమట్టం చేసి గుబ్బియో వైపు వచ్చినప్పుడు ఈ ముసలి బిషప్ ఎదురు వెళ్లి మాట్లాడాడు, ఊరు దక్కింది. 1192లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. ఇవి చరిత్ర పుస్తకాల్లో ఉండే సంగతులు.

ఆయన చనిపోయిన తర్వాత త్వరలోనే రాసిన జీవిత చరిత్రల ద్వారా మనకు చేరిన ఒక సంఘటన ఉంది. ఊరి ప్రహరీ గోడ మరమ్మతు జరుగుతోంది. పనివాళ్లు గోడ పక్కనున్న ఆయన ద్రాక్షతోటలోకి జరిగి తోటను పాడుచేస్తున్నారు. ఆయన స్వయంగా వెళ్లి, కోపంగా కాదు, మెల్లగానే, ఇలా చేయకండి అని చెప్పాడు. అక్కడి మేస్త్రీకి ఆయన ఎవరో తెలియదో, తెలిసీ లెక్కచేయలేదో, ఒక్క తోపు తోశాడు. బిషప్ పోయి కలిపి ఉంచిన సున్నపు గుంతలో పడ్డాడు. లేచి, ఒళ్లంతా సున్నంతో, మాట మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయాడు. చూసినవాళ్లు ఊరుకోలేదు. ఊరు ఊరంతా లేచింది. ఆ మేస్త్రీని న్యాయస్థానానికి ఈడ్చారు. ఆస్తి జప్తు చేయాలి, ఊరినుంచి వెళ్లగొట్టాలి అని కేకలు. ఆ సమయానికి ఉబాల్డో అక్కడికి వచ్చాడు. అపరాధం జరిగింది సంఘ సేవకుడికి గనుక తీర్పు చెప్పే అధికారం తనదే, వీణ్ని నాకు అప్పగించండి అన్నాడు. ఇక మేస్త్రీ పని అయిపోయిందనుకున్నారు జనం. ఆయన తిన్నగా ఆ మేస్త్రీ దగ్గరకు వెళ్లి ముద్దుపెట్టుకున్నాడు. దేవుడు నీ పాపం క్షమించుగాక అని ప్రార్థించి, వదిలేయమన్నాడు.

అధికారాన్ని అడిగి తీసుకున్నది వదిలిపెట్టడానికి. ఈ ఒక్క సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మనలో ఎవరైనా ‘ఈ వ్యవహారం సంఘం తేల్చాలి, బయటివాళ్లకు సంబంధం లేదు’ అన్నారంటే, ఎదుటివాణ్ని మరింత గట్టిగా బిగించడానికే అని అందరికీ తెలుసు. క్షమించడానికి అధికార పరిధి గురించి పోట్లాడినవాణ్ని మనం చూడలేదు.

మరొకటి. ఆ రోజుల్లో ఊళ్లో రెండు వర్గాల మధ్య కత్తులు దూసుకున్న గొడవ లేచింది. ఎవరి మాటా ఎవరూ వినే పరిస్థితి లేదు. ఉబాల్డో కత్తుల మధ్యకు పోయి నేల మీద పడిపోయాడు. బిషప్ చచ్చిపోయాడని అందరూ హడలిపోయి ఆయుధాలు పడేసి ఏడ్చారు. అప్పుడు ఆయన లేచి, నాకేమీ కాలేదు, దేవునికి స్తోత్రం అన్నాడట. ఇందులో కాస్త నటన ఉందని మా వేదాంత కళాశాల నాటి నీతిశాస్త్ర పాఠాలు చెవిలో గొణుగుతున్నా, ఆ ముసలాయన ధైర్యానికి చిరునవ్వు ఆపుకోలేకపోతున్నాం.

ఇప్పుడు ఆ పసుపు చొక్కాలను మళ్లీ గుర్తు చేసుకోండి. ఉబాల్డో విగ్రహమున్న స్తంభాన్ని భుజాల మీద మోసేది ఎవరి సంఘం? తాపీ పనివారిది. ఆ రోజు బిషప్‌ను గుంతలోకి తోసినవాడి వృత్తివారు. ఈ రెండింటికీ చరిత్రకారులు ముడి వేసినా వేయకపోయినా మేము వేయకుండా ఉండలేకపోతున్నాం.

ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 1530 నాటిది. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల లూథరన్ సంఘాలకు అది పరాయి పత్రం కాదు. దాని 21వ అధికరణం పరిశుద్ధుల గురించే. పరిశుద్ధులను వేడుకోవాలని లేఖనం నేర్పలేదని అది ఖండితంగా చెబుతుంది. అదే అధికరణం మొదట్లోనే, వారిని జ్ఞాపకం చేసుకోవచ్చనీ, వారి విశ్వాసాన్నీ సత్క్రియలనూ అనుసరించవచ్చనీ కూడా చెబుతుంది. సంస్కర్తలు కొట్టివేసింది ప్రార్థనను, జ్ఞాపకాన్ని కాదు. మనం రెండూ కలిపి కొట్టేశాం. పైవారు బోధించిన వాక్యాన్నీ, వారి జీవితాల ముగింపునూ తలచుకుని వారి విశ్వాసాన్ని అనుసరించమనే హెబ్రీ పత్రిక మాట (13:7) మన సంఘాల్లో ఎవరి గురించి వాడుతున్నాం? 1842లో గుంటూరుకు వచ్చిన ఫాదర్ హయ్యర్ పేరు గుంటూరు దాటితే ఎంతమంది యౌవనులకు తెలుసు? 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులూ, వారితో మరి కొద్దిమందీ ఒంగోలు కొండెక్కి మోకరించారు. అప్పటికి ఆ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడుస్తోంది. ఆ ప్రార్థన ఫలితాన్ని క్లౌ దొరగారు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మంలో చూశారు. మనకూ ఒక కొండ ఉంది. బస్సులో ఒంగోలు దాటుతూ అటు తల తిప్పి చూసేవారెందరు?

జ్ఞాపకాన్ని ఖాళీ చేస్తే ఆ ఖాళీ అలాగే ఉండదు. చనిపోయిన పరిశుద్ధులను దించిన పీఠాల మీద మనం బతికున్నవాళ్లను ఎక్కించాం. ఏ కన్వెన్షన్ ఫ్లెక్సీ అయినా చూడండి. యేసు ప్రభువు పేరు ఒక మూలన, ప్రసంగీకుని ముఖం నిలువెత్తున. ‘అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థిస్తేనే పని అవుతుంది’ అనే మాట మన విశ్వాసుల నోట ఎన్నిసార్లు వినలేదు? అయ్యగారు ప్రార్థించిన నూనె సీసా, అయ్యగారి ఫొటో ఉన్న క్యాలెండర్. గుబ్బియోలో కూజా పెంకు కోసం ఎగబడేవాడికీ ఈ నూనె సీసా కోసం లైన్లో నిలబడేవాడికీ తేడా చెప్పమంటే మాకు చేతకాదు. నిజానికి చనిపోయిన పరిశుద్ధుడితో ఒక సౌకర్యం ఉంది. ఆయన కానుకల కవరు అడగడు.

కొన్ని ప్రొటెస్టెంటు కుటుంబాలు ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లి వస్తాయి. 1924లో ఇటలీ మిషనరీ ఫాదర్ ఆర్లాటి ఆ కొండ దగ్గర మరియమ్మ స్వరూపాన్ని ప్రతిష్ఠించినప్పటి నుంచి సాగుతున్న పండుగ అది. వెళ్లినవారు ఆ సంగతి పాస్టర్‌కు చెప్పరు. మేము వారిని మందలించవలసిన స్థానంలో ఉన్నాం, మందలించాం కూడా. కానీ ఒక తల్లి మాతో అంది: ‘అయ్యగారూ, అక్కడ నేను ఏడుస్తుంటే ఎవరూ ఎందుకని అడగలేదండీ. మన గుడిలో ఏడిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.’ ఆమెకు వాక్యం చూపించడం తేలిక. ఆమె చెప్పినదానికి సమాధానం చెప్పడం తేలిక కాదు.

గుబ్బియో గురించి ఇంకో సంగతి రాయకుండా వదిలితే ఈ వ్యాసం తియ్యటి కథ అయిపోతుంది. 1944 జూన్‌లో అక్కడ ప్రతిఘటన వీరులు ఒక జర్మన్ అధికారిని చంపారు. దానికి ప్రతీకారంగా జూన్ 22న జర్మన్ సైనికులు ఆ ఊరి పౌరులను 40 మందిని కాల్చి చంపారు. వాళ్లకు యుద్ధంతో సంబంధం లేదు, దొరికినవాళ్లను పట్టుకున్నారు. ఆ చోట ఇప్పుడు వారి స్మారక మందిరం ఉంది. మేస్త్రీని ముద్దుపెట్టుకున్న బిషప్‌ను ఏటా మోసే ఊరికి, ఈ 40 సమాధులు కూడా మోయవలసి వచ్చింది. సున్నపు గుంతలో తోయడం క్షమించడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చచ్చిపోయినవారి తరఫున బతికున్నవారు క్షమించగలరా అన్నది వేదాంతులు నేటికీ తెగ్గొట్టలేని ప్రశ్న. సిలువ మీద ప్రభువు తన్ను చంపుతున్నవారి కోసం ప్రార్థించాడు (లూకా 23:34). ఆయన ప్రార్థించింది తనకు తగిలిన మేకుల గురించి. ఇతరుల మేకుల గురించి తొందరపడి మాట్లాడే పాస్టర్లం మనం కాకూడదు. దళితపేటల్లో కాలిన ఇళ్ల ముందు నిలబడి ‘క్షమించండి’ అని ప్రసంగించి వచ్చినవాళ్లున్నారు. ఆ ఇళ్లవాళ్ల నోటినుంచి రావలసిన మాటను వాళ్ల తరఫున మనం అనేయడం క్షమాపణ కాదు.

కానీ మన పోట్లాటల్లో ఎక్కువ భాగం 40 సమాధుల లెక్కలోవి కావు. ద్రాక్షతోట గట్టు లెక్కలోవే. ఇక్కడ మా సంగతే చెప్పాలి. మేము కాపరిగా ఉన్న ఒక సంఘంలో ఇద్దరు పెద్దలు ఉండేవారు. ఇద్దరూ మంచివారే. ఒకరు సండేస్కూలు నడిపేవారు, ఇంకొకరు కానుకల లెక్క చూసేవారు, పైసా తేడా రానిచ్చేవారు కాదు. ఇద్దరి ఇళ్ల మధ్య ప్రహరీ గోడ. గోడ కట్టేటప్పుడు జానెడు స్థలం దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకరు తోశారు, ఇంకొకరు ఇసుక కుప్ప మీద పడ్డారు. దెబ్బ తగల్లేదు, కాని వీధిలో పిల్లలు నవ్వారు. ఆ నవ్వే మాన్పలేని గాయమైంది. తర్వాతి నెల సంస్కారపు ఆదివారం ఒకరు బల్ల దగ్గరకు వచ్చేసరికి ఇంకొకరు లేచి బయటికి వెళ్లిపోయారు.

మత్తయి 5:23, 24 మాకు కంఠతా వచ్చు. అర్పణను బలిపీఠం దగ్గర వదిలి ముందు సహోదరుడి దగ్గరకు పొమ్మని ప్రభువు చెప్పిన ఆ వచనాల మీద మేము కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాం. అయినా ఆ ఇద్దరి విషయంలో మేము చేసింది ఏమిటంటే, రెండు ఆరాధనలు పెట్టాం. జనం పెరుగుతున్నారు గనుక అన్నాం. అదీ కొంత నిజమే. ఒకాయన ఉదయం ఆరున్నర ఆరాధనకు, ఇంకొకాయన పది గంటల ఆరాధనకు రావడం మొదలుపెట్టారు. సంఘంలో గొడవ సద్దుమణిగింది. కమిటీ మమ్మల్ని మెచ్చుకుంది, పాస్టర్ గారు తెలివిగా సర్దుబాటు చేశారని. మేమూ అలాగే అనుకున్నాం. ఇద్దరికీ రొట్టె అందింది, ఇద్దరికీ ద్రాక్షారసం అందింది, ఒకే బల్ల నుంచి, మూడున్నర గంటల తేడాతో.

గుబ్బియోలో వెనుకవాడు ముందువాణ్ని దాటడు గనుక అది పందెం కాదని మనం నవ్వుకోవచ్చు. ఘనతలో ఒకరినొకరు గొప్పగా ఎంచుకోమని పౌలు రోమా సంఘానికి రాసినప్పుడు (12:10) ఇలాంటి దాన్నే మనసులో పెట్టుకున్నాడేమో. ముందున్నవాడు పడితే వెనుకవాళ్లు ఆగుతారు. మేము నడిపిన సంఘంలో ఇద్దరు పడిపోతే, వాళ్ల పక్కనుంచి అందరం సర్దుకుని వెళ్లిపోవడానికి రెండో దారి వేశాం.

పది గంటల ఆరాధనకు వచ్చే పెద్దాయన కొన్నేళ్ల తర్వాత గుండెపోటుతో పోయారు. సమాధి కార్యక్రమం మేమే జరిపించాం. పునరుత్థానం గురించి మాట్లాడాం. ఆరున్నర ఆరాధనకు వచ్చే పెద్దాయన సమాధుల తోట గేటు బయట, రోడ్డు అవతల నిలబడి ఉండటం చూశాం. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. మేము వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావలసింది. చేతిలో ఆరాధనక్రమం పుస్తకం ఉంది, వరుసగా చదవవలసిన భాగాలు ఉన్నాయి. చదివాం. తలెత్తి చూసేసరికి ఆయన లేరు.

ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. మేము ఆ సంఘం నుంచి బదిలీ అయి చాలా కాలమైంది. ఆయన ఇప్పటికీ ఆరున్నర ఆరాధనకే వస్తున్నారని, అవతలి ఇంట్లో ఇప్పుడు ఉంటున్న కొడుకుతో కూడా మాటల్లేవని విన్నాం. ఆ ప్రహరీ గోడ అలాగే ఉందట. ఈ వ్యాసం కోసం ఉబాల్డో జీవితం చదువుతున్న రోజుల్లో ఒక రాత్రి ఆయనకు ఫోన్ చేశాం. సరిగా వినబడలేదు. ఎవరండీ అని రెండుసార్లు అడిగి, గుర్తుపట్టాక, అయ్యగారూ ఎప్పుడొస్తారండీ అన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం అక్కడ సంస్కారపు ఆరాధన. శనివారం సాయంత్రానికే వస్తామని, వస్తూ ముందు పక్కింటి అబ్బాయిని కూడా పలకరిస్తామని చెప్పాం. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, సరేనండి, భోజనం మా ఇంట్లోనే చేయండి అన్నారు.